పీసీఓఎస్‌ను సహజ పద్ధతుల్లో అదుపులో పెట్టుకోవడం ఎలా?

స్కానింగు రిపోర్టులో ‘రెండు అండాశయాల్లోనూ నీటి బుడగలు’ అన్న మాట చూడగానే చాలామందికి వచ్చే ప్రశ్న ఒకటే: ఇవి కరగాలంటే ఏం తినాలి? ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే పొడులు, కషాయాలు, మూడు వారాల్లో మాయం చేస్తామనే ప్రకటనలు కుప్పలుగా దొరుకుతాయి. చిక్కేమిటంటే, అవి కరిగించాల్సిన బుడగలే కావు.

ప్రతి నెలా అండాశయంలో కొన్ని చిన్న చిన్న అండపు సంచులు పెరగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి పూర్తిగా ఎదిగి అండాన్ని విడిచిపెడుతుంది. పీసీఓఎస్‌లో (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) ఆ ఎదుగుదల సగంలో నిలిచిపోతుంది. అలా ఆగిపోయిన సంచులే స్కానింగులో అంచు వెంబడి ముత్యాలు గుచ్చినట్టు కనిపిస్తాయి. 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీలలో ఈ స్థితిని వర్ణించారు. అప్పుడు కంటికి కనిపించింది అండాశయమే కాబట్టి పేరు దానికే అంటుకుంది. అసలు కథ చాలామందిలో ఇన్సులిన్ దగ్గర మొదలవుతుంది. శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే క్లోమం మరింత ఇన్సులిన్ విడుదల చేస్తుంది. అలా ఎక్కువైన ఇన్సులిన్ పురుష హార్మోన్లను అధికంగా తయారుచేయమని అండాశయాన్ని పురికొల్పుతుంది. మరోపక్క, రక్తంలో ఆ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేస్తుంది. దాంతో గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, నెలల తరబడి జాడలేని నెలసరి.

కాబట్టి ఇంట్లో మనం చేయగలిగిన పనుల్లో ముఖ్యమైనది ఒకటే: శరీరానికి తక్కువ ఇన్సులిన్‌తోనే పని జరిగేలా చూడటం. ఇది పూర్తిగా నయమై పోయే సమస్య కాదు, అదుపులో ఉండే సమస్య. ఫలితాన్ని వారాల్లో కాదు, నెలల్లో లెక్కపెట్టాలి. కింద చెప్పినవన్నీ ఒకే సోమవారం నాడు మొదలుపెట్టకండి. అలా మొదలుపెట్టినవి సాధారణంగా ఆ గురువారానికే ఆగిపోతాయి.

మొదటి అడుగు: ఇది పీసీఓఎస్సేనా అని తేల్చుకోండి

కొందరు పీసీఓడీ అంటారు, కొందరు పీసీఓఎస్ అంటారు. వాడుకలో రెండూ ఒకే సమస్యకు పేర్లు. 2003 నాటి రాటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం మూడు లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి: నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్లు ఎక్కువగా ఉన్నట్టు శరీరం మీద గానీ రక్తపరీక్షలో గానీ తెలియడం, స్కానింగులో అండాశయాలు ఆ తీరుగా కనిపించడం. అంటే స్కానింగు ఒక్కటే చూసి పేరు పెట్టేయకూడదు. స్కానింగు మామూలుగా ఉన్నంత మాత్రాన లేదనీ అనుకోకూడదు. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవారిలో స్కానింగుకు బదులు, అండపు సంచుల నుంచి వెలువడే హార్మోన్‌ను కొలిచే ఏఎంహెచ్ రక్తపరీక్షను కూడా అంగీకరించాయి.

అమ్మాయిల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. రజస్వల అయిన తొలి ఎనిమిదేళ్లలో నిర్ధారణకు స్కానింగు వాడవద్దని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ వయసులో అండాశయాల్లో ఎక్కువ సంచులు కనిపించడం మామూలే. పదహారేళ్ల పిల్లకు కేవలం స్కానింగు చూసి పీసీఓఎస్ అన్నారంటే, మరొకసారి అడగడంలో తప్పులేదు.

థైరాయిడ్ లోపం, పాల ఉత్పత్తికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరగడం వంటివి కూడా నెలసరిని అచ్చం ఇలాగే తప్పిస్తాయి. ముందు వాటిని పరీక్షించి పక్కన పెట్టాలి. చక్కెర పరీక్షల్లో 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూసేది పరగడుపు పరీక్ష కన్నా ఎక్కువ విషయం చెబుతుంది. దానితో పాటు కొలెస్ట్రాల్, రక్తపోటు కూడా చూపించుకోండి. ఇక్కడ చాలామంది పొరబడే విషయాలు రెండున్నాయి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు చేయించిన హార్మోన్ పరీక్షలు నిజం చెప్పవు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగుతుంటే థైరాయిడ్ సహా కొన్ని పరీక్షల అంకెలు తారుమారు కావచ్చు. వాడుతున్నవన్నీ రక్తం ఇచ్చే ముందే చెప్పండి.

రెండో అడుగు: ఒక నోటుపుస్తకం పెట్టండి

ఫోనులో యాప్ అయినా సరే. కానీ చాలా యాప్‌లు 28 రోజుల చక్రాన్ని ఊహించుకుని ‘మీకు ఆలస్యమైంది’ అని రోజూ బెదిరిస్తాయి. వాటి జోస్యం పట్టించుకోకుండా తేదీలు మాత్రం రాసుకోండి. నెలసరి మొదలైన రోజు, ఎన్ని రోజులుంది, స్రావం ఎంత. నెలకొకసారి, ఎప్పుడూ ఒకే చోట కొలిచిన నడుము చుట్టుకొలత. వారంలో ఎన్ని రోజులు వ్యాయామం చేశారు, సుమారుగా ఎంత నిద్రపోయారు. ఇంతకు మించి రాయబోతే పుస్తకమే మూలపడుతుంది.

ఈ లెక్క ఎందుకంటే, ‘పోయిన నెలే వచ్చినట్టుందే’ అన్న జ్ఞాపకం తరచుగా తప్పవుతుంది. రజస్వల అయి మూడేళ్లు దాటినవారిలో చక్రం 21 నుంచి 35 రోజుల మధ్య ఉంటే మామూలు. ఏడాదికి ఎనిమిది కన్నా తక్కువసార్లు వస్తే క్రమం తప్పినట్టు. ఇక 90 రోజులు అన్న అంకె చుట్టూ ఎర్ర గీత గీసుకోండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఈ పుస్తకంలో మొదటి మూడు నెలల రాతే మీ కొలబద్ద. మార్పు వచ్చిందో లేదో దానితో పోల్చి చూస్తేనే తెలుస్తుంది.

మూడో అడుగు: పళ్లెంలో సర్దుబాట్లు

పీసీఓఎస్‌కు ప్రత్యేక ఆహారం అంటూ ఏదీ లేదు. తక్కువ పిండిపదార్థాలు, మధ్యధరా పద్ధతి, తక్కువ గ్లైసీమిక్ సూచిక (రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే ఆహారం) అంటూ రకరకాల పద్ధతులను పోల్చి చూసిన తర్వాత 2023 మార్గదర్శకాలు చెప్పింది ఇదే: ఫలానాదే మేలని తేలలేదు, సమతులంగా తింటూ మీరు ఎక్కువకాలం కొనసాగించగలిగినదే ఎంచుకోండి. ఇది వినడానికి చప్పగా ఉంటుంది, నిజమే. కానీ ఈ మాట వల్ల ఒక మేలుంది. మీకు నచ్చని పద్ధతిని భరించాల్సిన పని లేదు.

మొదట తీపి పానీయాలతో మొదలుపెట్టండి. చక్కెర కలిపిన టీ, కాఫీలు, శీతల పానీయాలు, పండ్ల రసాలు. నమలాల్సిన పని లేని చక్కెర రక్తంలోకి వేగంగా చేరుతుంది, కడుపు మాత్రం నిండదు. రోజూ మూడు కప్పుల్లో రెండేసి చెంచాల చక్కెర వేసుకునేవారు వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ పోతే నాలుక అలవాటు పడిపోతుంది. పండును పండుగానే తినండి. పండ్లే మానేయమనే సలహాకు ఆధారం లేదు.

తర్వాత పళ్లేన్ని కంటితో మూడు భాగాలు చేసుకోండి. సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం ప్రొటీన్: పప్పుధాన్యాలు, గుడ్లు, చేపలు, మాంసం, పెరుగు, మీరు తినేది ఏదైనా. మిగిలిన పావు ధాన్యం, వీలైతే పొట్టు తీయనిది. ధాన్యాన్ని పూర్తిగా మానేయనక్కరలేదు. పళ్లెంలో దాని వాటా మిగిలినవాటి కన్నా పెద్దది కాకుండా చూస్తే చాలు. భోజనంలో ముందు కూరలు, ప్రొటీన్ తిని ధాన్యాన్ని చివరికి ఉంచుకుంటే, అదే భోజనానికి రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతుంది. పైసా ఖర్చు లేని చిట్కా ఇది. ఉదయం పూట తిండిలో మాత్రం ప్రొటీన్ తప్పనిసరిగా ఉండేలా చూసుకోండి. పిండితోనే సరిపెట్టుకున్న ఉదయం పదకొండింటికల్లా ఆకలిగా మారి, బిస్కెట్ల డబ్బా వైపు నడిపిస్తుంది.

పాలు మానేయాలా, గోధుమ మానేయాలా, సోయా ముట్టకూడదా అని అడిగేవారు చాలామంది. పాలు పడనివారు, గోధుమలోని గ్లూటెన్ వల్ల సీలియాక్ వ్యాధి ఉన్నవారు మానేయాలి. పీసీఓఎస్ ఉందన్న ఒక్క కారణంతో మానేయాల్సిన అవసరం లేదు. నా అనుభవంలో, నిషేధాల జాబితా పెరిగేకొద్దీ తినేవారికి తిండి మీద భయం పెరుగుతుంది తప్ప ఇన్సులిన్ తగ్గదు. పీసీఓఎస్ ఉన్నవారిలో తిండికి సంబంధించిన మానసిక సమస్యలు కూడా ఎక్కువే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

బరువు గురించి. అధిక బరువు ఉన్నవారు అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి, హార్మోన్లు మెరుగుపడే అవకాశం ఉంది. 80 కిలోలున్నవారికి అది 4 నుంచి 8 కిలోలు. ‘ముందు 25 కిలోలు తగ్గి రండి’ అనే మాట విని నిరుత్సాహపడినవారు ఈ లెక్క గుర్తుంచుకోండి. అంకె కదలకపోయినా నడుము తగ్గితే, చక్రం క్రమంలోకి వస్తుంటే మీ పని ఫలిస్తున్నట్టే.

సన్నగా ఉన్నవారికి కూడా పీసీఓఎస్ వస్తుంది, వారిలోనూ ఇన్సులిన్ సమస్య ఉండవచ్చు. వారు చేయకూడని పని తిండి తగ్గించడం. అతిగా పస్తులుండి, అతిగా వ్యాయామం చేస్తే మెదడు నుంచి వచ్చే సంకేతాలే తగ్గి నెలసరి ఆగిపోతుంది. దాన్ని పీసీఓఎస్ అనుకుని ఇంకా తిండి తగ్గిస్తే పరిస్థితి ముదురుతుంది. బరువు బాగా తగ్గిన తర్వాతే నెలసరి ఆగిందా? అయితే ఆ సంగతి డాక్టరుకు ముందుగా చెప్పండి.

నాలుగో అడుగు: కండరానికి పని చెప్పండి

నా మటుకు ఈ అడుగే అన్నింటికన్నా విలువైనది. తిన్న చక్కెరలో అధిక భాగం చివరికి చేరేది కండరాల్లోకే. మామూలుగా ఆ తలుపు ఇన్సులిన్ తడితేనే తెరుచుకుంటుంది. కానీ కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ తట్టకపోయినా దానంతట అదే తెరుచుకుంటుంది. అందుకే ఒక్క కిలో తగ్గకపోయినా వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరు బాగుపడుతుంది.

ఎంత చేయాలి? వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేటంత వేగంతో, లేదా 75 నుంచి 150 నిమిషాలు బాగా ఆయాసం వచ్చేటంత వేగంతో. దానికి తోడు వారంలో రెండు రోజులు, వరుస రోజులు కాకుండా, కండరాలకు బలం పెంచే వ్యాయామం. మాట్లాడగలరు కానీ పాట పాడలేరు అన్నంత వేగం మొదటి రకం.

ఈ అంకెలు చూసి బెదిరిపోవద్దు. మొదటి రెండు వారాలు భోజనం తర్వాత 10 నుంచి 15 నిమిషాల నడక మాత్రమే పెట్టుకోండి. రోజులో పెద్ద భోజనం ఏదైతే దాని తర్వాత. రక్తంలో చక్కెర పైకెక్కే సమయంలోనే కండరం దాన్ని లాగేసుకుంటుంది. మూడో వారం నుంచి రెండు భోజనాల తర్వాత నడవండి. నెల తిరిగేసరికి ఇరవై నిమిషాలకు పెంచండి.

బలం పెంచే వ్యాయామానికి జిమ్ అక్కరలేదు. కుర్చీ మీద కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం పదిసార్లు. గోడకు చేతులు ఆనించి వంగి లేవడం పదిసార్లు. నీళ్లు నింపిన సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల పైకి ఎత్తడం పదిసార్లు. కాస్త విశ్రాంతి తీసుకుని మొత్తం ఇంకో రెండుసార్లు. సులువు అనిపించిన వారం నుంచి బరువు గానీ సంఖ్య గానీ పెంచండి, లేకపోతే కండరం ఎదగదు. బరువులెత్తితే మగవారిలా తయారవుతామన్న భయం కొందరికి, అందులోనూ పురుష హార్మోన్లు ఎక్కువన్నారు కదా అని. అలా జరగదు. ఎదిగిన కండరం చక్కెరకు గోదాము.

గంటల తరబడి కూర్చునే ఉద్యోగమైతే మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయండి. సాయంత్రం గంట వ్యాయామం, పగలంతా కుర్చీ అనేది మంచి బేరం కాదు.

ఐదో అడుగు: నిద్ర

కొన్ని రాత్రుల నిద్ర తగ్గినా శరీరం ఇన్సులిన్‌కు స్పందించడం మందగిస్తుంది, మర్నాడు తీపి మీదకు మనసు పోతుంది. ఏడు గంటలకు తగ్గకుండా, వీలైనంతవరకు ఒకే వేళకు పడుకోండి. గట్టిగా గురక పెడుతూ, ఎంతసేపు పడుకున్నా ఉదయం అలసటగా లేస్తుంటే అది బద్ధకం కాదు. నిద్రలో శ్వాస ఆగే సమస్య కావచ్చు. పీసీఓఎస్ ఉన్నవారిలో అది ఎక్కువ, దానికి చికిత్స ఉంది.

దిగులు, ఆందోళన కూడా పీసీఓఎస్‌లో ఎక్కువే. ప్రాణాయామం, ధ్యానం వంటివి మనసుకు హాయినిస్తే చేయండి. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకుండా పోతే ధ్యానంతో సరిపెట్టుకోకుండా వైద్యసాయం తీసుకోండి.

ఆరో అడుగు: పొడులు, మాత్రలు, కషాయాలు

ఈ అడుగును ఆరోదిగా పెట్టడం కావాలనే. చాలామంది ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు.

ఇనోసిటాల్ అనే సప్లిమెంటు గురించి ఎక్కువగా వింటుంటాం. మయో, డీ-కైరో అనే రెండు రకాలను 40:1 పాళ్లలో కలిపి అమ్ముతారు. అధ్యయనాల్లో సాధారణంగా వాడిన మోతాదు రోజుకు 4 గ్రాముల మయో ఇనోసిటాల్, రెండు విడతలుగా. పెద్దగా హాని లేదు, ఇన్సులిన్ వంటి అంకెలు కొంత మెరుగుపడవచ్చు. అండం విడుదల, అవాంఛిత రోమాలు, బరువు విషయాల్లో మాత్రం ఆధారం బలహీనం. ప్రయత్నించి చూడదలిస్తే మూడు నెలలు వాడి, నోటుపుస్తకం చూసి నిర్ణయించుకోండి. మార్పు లేకపోతే ఆ డబ్బుతో మంచి నడక బూట్లు కొనుక్కోవచ్చు.

విటమిన్ డి లోపం పరీక్షలో తేలితే భర్తీ చేసుకోవాలి. లోపం లేనివారు మింగితే నెలసరి వస్తుందని ఆశపడవద్దు. స్పియర్‌మింట్ అనే పుదీనా రకం టీని రోజుకు రెండుసార్లు చొప్పున నెలరోజులు తాగించి చూసిన ఒక చిన్న అధ్యయనంలో పురుష హార్మోన్ కొంత తగ్గింది, కానీ లెక్కించి చూస్తే వెంట్రుకల్లో తేడా రాలేదు. రుచి నచ్చితే తాగండి. దాల్చినచెక్క వంటకు సరిపడా అయితే సరే. చెంచాల కొద్దీ మింగితే, కేసియా రకంలో ఉండే కౌమరిన్ కాలేయానికి చేటు చేయవచ్చు. అతిమధురం ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. కొన్ని మొక్కల నుంచి తీసే బెర్బెరిన్ గర్భిణులకు పనికిరాదు, కొన్ని మందులతో కలిస్తే ప్రమాదం.

‘సహజం’ అన్న మాటకు ఉన్న పరపతి చూస్తే నాకు మధుమేహానికీ, పీసీఓఎస్‌కూ వాడే మెట్‌ఫార్మిన్ గుర్తుకొస్తుంది. మందు అని భయపడి చాలామంది దూరం పెట్టే ఆ మాత్ర పుట్టుకకు మూలం గలేగా అఫిసినాలిస్ అనే మొక్కలోని రసాయనాల మీద జరిగిన పరిశోధనే. మొక్క నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది మందు మంచిచెడులను తేల్చదు. మీరు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే సప్లిమెంటు మొదలుపెట్టామని దాన్ని మీ అంతట మీరు ఆపకండి. ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు, అది పరీక్షించుకుంటే చాలు.

ఏది మొదలుపెట్టినా ఒకటే మొదలుపెట్టండి. నాలుగు కలిపి మింగితే ఏది పనిచేసిందో, ఏది కడుపు పాడుచేసిందో తెలియదు.

చర్మం, వెంట్రుకలు

ఇక్కడ ఓపిక మరీ ఎక్కువ కావాలి. హార్మోన్లు దారికి వచ్చినా, వెంట్రుక తన ఎదుగుదల చక్రం పూర్తి చేసుకోవాలి కాబట్టి తేడా కనిపించడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది. ఒకసారి ముతకగా మారిన గడ్డపు వెంట్రుకలు ఆహారంతో మళ్లీ నూగుగా మారడం అరుదు. గీసేస్తే ఒత్తుగా వస్తాయన్నది అపోహ. కత్తిరించిన కొస మొద్దుగా ఉండటంతో అలా అనిపిస్తుంది, అంతే. శాశ్వతంగా తగ్గాలంటే లేజర్ లేదా ఎలక్ట్రాలిసిస్ మార్గాలు. మెడ వెనుక, చంకల్లో నల్లగా, మఖమల్‌లా మందమైన చర్మాన్ని మురికి అనుకుని రుద్దకండి. అది ఇన్సులిన్ ఎక్కువగా ఉందనడానికి గుర్తు.

బిడ్డ కావాలనుకున్నా, వద్దనుకున్నా

నెలసరి రావడం లేదు కాబట్టి గర్భం రాదన్న ధీమా వద్దు. అండం విడుదలయ్యాక సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది. అంటే ఆహారం, వ్యాయామం ఫలించి శరీరం దారిన పడితే, నెలసరి కన్నా ముందు వచ్చేది అండమే. ఇప్పుడే బిడ్డ వద్దనుకుంటే గర్భనిరోధక సాధనం వాడుతూనే ఉండండి.

కావాలనుకునేవారు ముందునుంచే రోజూ కనీసం 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి. అండం విడుదలను పసిగట్టే మూత్రపరీక్ష పట్టీలు పీసీఓఎస్‌లో మోసం చేయవచ్చు. అవి పట్టుకునే ఎల్‌హెచ్ హార్మోన్ కొందరిలో ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. ఉదయం లేవగానే తీసిన ఒంటి ఉష్ణోగ్రత 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగి, నెలసరి వరకు అలాగే నిలిస్తే అండం విడుదలైనట్టు. ఏడాది ప్రయత్నించినా, 35 ఏళ్లు దాటినవారు ఆరు నెలలు ప్రయత్నించినా ఫలితం లేకపోతే వైద్యులను కలవండి. ఏడాదికి నాలుగైదు నెలసరులే వస్తుంటే అంతకాలం ఎదురుచూడకండి.

ఇంటి ప్రయత్నాలు ఎక్కడ ఆపాలి?

ఎర్ర గీత గీయమన్న 90 రోజుల దగ్గర. అండం విడుదల కానప్పుడు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారుకాదు. గర్భాశయం లోపలి పొర మాత్రం ఈస్ట్రోజెన్ ప్రభావంతో మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే ఆ పొరలో క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. అందుకే మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే ముందు గర్భం లేదని తేల్చుకుని, డాక్టరును కలవండి. కొద్ది రోజుల ప్రొజెస్టెరాన్ మాత్రలతో ఆ పొర బయటికి వచ్చేలా చేస్తారు. దాన్ని ‘సహజ పద్ధతి తప్పడం’గా లెక్కేసుకోకండి. ఆహారం, వ్యాయామం తమ పని తాము చేస్తుంటాయి, ఆ మాత్ర దాని పని చేస్తుంది.

కొన్ని నెలల్లోనే గొంతు బొంగురుపోవడం, వెంట్రుకలు ఉన్నట్టుండి విపరీతంగా పెరగడం, నడినెత్తిన జుట్టు వేగంగా ఊడటం జరిగితే ఆలస్యం చేయకండి. పీసీఓఎస్ అంత వేగంగా ముదరదు, వేరే కారణం వెతకాలి. ఎడతెగకుండా రక్తస్రావం అవుతున్నా అంతే.

అంతా బాగుందనిపించినా చక్కెర పరీక్ష ఒకటి నుంచి మూడేళ్లకోసారి చేయించుకుంటూ ఉండాలి. బరువు, కుటుంబంలో మధుమేహం వంటివి చూసి ఎంత తరచుగా అన్నది డాక్టరు చెబుతారు. వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. గదిలో అడుగుపెట్టగానే అడిగే మొదటి ప్రశ్న చివరి నెలసరి తేదీ ఎప్పుడన్నదే.